పాత స్వరలిపి ప్రతుల పరిష్కరణ: మార్చాల్సింది గుర్తుల్ని, పాటను కాదు

కర్ణాటక సంగీతాన్ని తెలుగు లిపిలో స్వరాలుగా రాసిన (అదే స్వరలిపి) రాతప్రతులు, తొలినాటి అచ్చు పుస్తకాలు తెలుగు నాట ఎన్ని ఉన్నాయో తమిళనాట కూడా అంత విరివిగా కనిపిస్తాయి. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది. త్యాగరాజ శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ పరంపర ప్రతులు మదురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. ఇళ్లలో, మఠాల్లో, సంగీత కళాశాలల బీరువాల్లో ఉన్న చేతిరాత పుస్తకాలు వీటికి అదనం. ఏది తెరిచినా ముందుగా ఎదురయ్యే చిక్కు గుర్తుల్లో నిలకడ లేకపోవడం. ఒకచోట దీర్ఘంతో చూపిన పొడవు ఇంకోచోట కామాతో ఉంటుంది. పల్లవికి స్థాయి చుక్కలు (స్వరం పై స్థాయిదో కింది స్థాయిదో చూపేవి) పెట్టిన చెయ్యి చరణానికి వచ్చేసరికి మానేస్తుంది. కాలాన్ని చూపే పైగీత సగంలో ఆగిపోతుంది.

ఇలాంటి తేడాలు మూడు రకాలు. మొదటిది రాసినవారి పొరపాటు. రెండోది గుర్తుల పద్ధతిలో తేడా. మూడోది పాటలోనే ఉన్న తేడా, అంటే పాఠాంతరం. పొరపాటును సరిదిద్ది, దిద్దినట్టు చూపాలి. పద్ధతిని నియమం ప్రకారం మార్చాలి. పాఠాంతరాన్ని ముట్టకూడదు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ‘సరిచేశాం’ అన్న పుస్తకాల్లో పాత పాఠమేదో, పరిష్కర్త (ప్రతిని సరిచూసి అచ్చుకు సిద్ధం చేసేవారి) ఊహ ఏదో ఇప్పుడు తేల్చలేం. కింద చెప్పే పనులన్నీ ఈ విడదీత కోసమే.

ముందు మక్కికి మక్కి

ఫొటో గాని స్కాన్ గాని రంగుల్లోనే, 600 డీపీఐకి తగ్గకుండా తీయాలి. నలుపు-తెలుపు మోడ్‌లో తీస్తే యంత్రం మచ్చలని భావించి ముందు తీసేసేది స్థాయి చుక్కల్నే, ఆ తర్వాత సన్నటి పైగీతల్ని. తాటాకైతే వెలుగు పక్కనుంచి పడాలి. గంటం గీసిన గాడి అప్పుడే నీడగా తేలుతుంది. ఆకుకు మసి పట్టించే పని గ్రంథాలయ సిబ్బందికే వదిలేయాలి.

తర్వాత మూలాన్ని ఉన్నదున్నట్టు దించుకోవాలి. మూలంలో ఒక వరుస, మన దగ్గర ఒక వరుస. తప్పని తెలిసినా ఈ దశలో దిద్దకూడదు. హంసపాదం పెట్టి పైన చేర్చిన స్వరాలు, కొట్టివేతలు, అంచున వేరే సిరాతో రాసినవి, అన్నీ ఎలా ఉన్నాయో అలాగే నమోదు కావాలి. చదవలేని అక్షరం ఒక్కోదానికి ఒక్కో × పెడితే (స రి × × ప) ఎన్ని పోయాయో తర్వాత లెక్కకు పనికొస్తుంది. పురుగు తిన్న చోట సంఖ్య తెలియకపోతే అదే మాట రాయాలి.

రెండు మూడు ప్రతులు పోల్చేటప్పుడు వాటికి సంకేతాక్షరాలు పెడతాం కదా, స, రి, గ, మ, ప, ధ, ని మాత్రం వాడొద్దు. అనుపల్లవి, చరణాలకు వాడే అ, చ కూడా వద్దు. క, ట, ల, హ లాంటివి పెట్టుకుంటే అడుగు పీఠికలో (పేజీ అడుగున ఇచ్చే పాఠభేదాల పట్టీలో) ‘మ ప్రతిలో ప’ అనే గందరగోళం ఉండదు.

దించుకున్నాక గుర్తుల జాబితా రాయాలి. కామా, అడ్డగీత, చుక్క, పైగీత, నిలువు గీత, చిన్న అక్షరాలు, ఒక్కోటి ఎక్కడెక్కడ వచ్చిందో కనీసం అయిదేసి చోట్లు చూపాలి. అర్థం ఇంకా చెప్పకూడదు. చేతిరాత మారినా, సిరా మారినా కొత్త జాబితా మొదలుపెట్టాలి. పుస్తకం ఒకటే అయినా రాసినవారు ఇద్దరైతే పద్ధతులు రెండు.

అక్షరాల పోలిక వల్ల వచ్చే తప్పులు ఇక్కడే పట్టుకోవాలి. అరిగిన రాతలో ప, స ఒకదానికొకటిగా కనిపిస్తాయి. సంపూర్ణ రాగంలో ‘మ స ధ’ అని చదివారంటే అది ‘మ ప ధ’ అయ్యే అవకాశమే ఎక్కువ. ద, ధ రెండూ ధైవతానికే వాడతారు. ఏదో ఒకటి ఎంచుకుని పుస్తకమంతా అదే ఉంచితే చాలు, దీనికి అడుగు పీఠిక అక్కర్లేదు. తెలుగు సున్నా అంకె ౦, అనుస్వారం, గుండ్రంగా పెట్టిన స్థాయి చుక్క కలగాపులగం అవుతాయి. అన్నిటికన్నా మోసం చేసేది అనుపల్లవి చివర ఒంటరిగా ఉండే ‘ప’. అది పంచమం కాదు, ‘పల్లవి ఎత్తుకో’ అన్న సూచన. దాన్ని స్వరంగా ఎంచితే ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఒక మాత్ర (కాలపు కొలత) పెరుగుతుంది, పెరిగినదాన్ని సర్దడానికి పక్కనున్న దీర్ఘాన్ని కుదించాలనిపిస్తుంది. ఒక తప్పు రెండవుతుంది.

లెక్కే మొదటి సాక్షి

స్వరాల అర్థం తేల్చకముందే తాళం లెక్క వేయాలి. నేటి తెలుగు పుస్తకాల పద్ధతి ఇది: హ్రస్వం (స) 1 మాత్ర, దీర్ఘం (సా) 2, కామా 1, సెమికోలన్ 2. పైన ఒక గీత ఉంటే పొడవు సగం, రెండు గీతలుంటే పావు. ఒక్క కళ (మామూలు నడక) ఆదితాళంలో తాళాక్షరానికి (తాళంలో ఒక్కో లెక్కకు) 4 మాత్రల చొప్పున ఆవర్తానికి 32, అంటే 16 | 8 | 8 ||. రెండు కళలైతే 64. ఏ కళలో రాశారో తేల్చకుండా కూడిక మొదలుపెట్టొద్దు.

ఒక నమూనా చూద్దాం. ఇది ఏ పాటలోదీ కాదు, లెక్క చూపడానికి కూర్చింది. మాయామాళవగౌళలో ఆదితాళం లఘువుకు (మొదటి నాలుగు తాళాక్షరాల భాగానికి) 16 మాత్రలు రావాలి. ప్రతిలో ఉన్నది:

స రి గా మ ప ధ ప మ గా రి స ని స

కూడితే 15. ఒక మాత్ర తక్కువ. నాలుగేసి మాత్రలుగా విడదీస్తే స రి గా (4), మ ప ధ (3), ప మ గా (4), రి స ని స (4). లోటు రెండో అక్షరంలో ఉన్నట్టు కనిపిస్తోంది. కానీ ఇలా విడదీసింది మనమే కాబట్టి ఇదే రుజువు కాదు. మూడు ఊహలకు చోటుంది: ధ మీద దీర్ఘం పోయి ఉండవచ్చు, ధ తర్వాత కామా పోయి ఉండవచ్చు, ధ తర్వాత ని అనే స్వరమే పోయి ఉండవచ్చు. మొదటి రెండిటికీ పాటలో తేడా లేదు. మూడోదానికి ఉంది. ఇప్పుడు సాక్ష్యాలు చూడాలి. అదే వరుసకు రెండో సంగతి (అదే వరుసను మార్చి పాడే రూపం) ఉండి అందులో ‘మ ప ధా’ అని స్పష్టంగా ఉంటే అది బలమైన సాక్ష్యం. వేరే ప్రతిలో ధా ఉంటే ఇంకా బలం. ధ కింద సాహిత్యాక్షరం గురువు కావడం ఊతమే గాని రుజువు కాదు, ఎందుకంటే పాటలో హ్రస్వాక్షరాన్నీ సాగదీస్తారు. ఈ సాక్ష్యాలు కలిస్తే పరిష్కృత పాఠంలో ‘మ ప [ధా]’ అని చదరపు కుండలీకరణంలో పెట్టి, అడుగున ‘క: ధ’ అని మూలపాఠం ఇవ్వాలి. సాక్ష్యం ఏదీ లేకపోతే ‘ధ [,]’ అని కామా పెట్టడం మేలు. లోటు ఎక్కడుందో చూపినట్టవుతుంది, లేని స్వరాన్ని పుట్టించినట్టు కాదు.

తేడా ఎంత ఉందో గమనిస్తే కారణం చాలాసార్లు దానంతట అదే బయటపడుతుంది. ఆవర్తం మొత్తం రెట్టింపు వస్తే కాలం పైగీత పూర్తిగా వదిలేశారన్న మాట. ముత్తుస్వామి దీక్షితుల కృతుల్లో మధ్యమకాల (రెట్టింపు వేగంలో పాడే) సాహిత్యం దగ్గర ఇది మామూలు. స్వరాలు మామూలుగానే రాసి, పక్కన ‘మ.కా.’ అని ఊరుకుంటారు. అరమాత్ర తగ్గితే పైగీత ఒక స్వరం మీదికి అదనంగా సాగింది. అరమాత్ర పెరిగితే ఒక స్వరం ముందే ఆగింది. చేతిరాతలో గీత చివర తలకట్టులోనో గుడిలోనో కలిసిపోతుంది కాబట్టి కంటిని నమ్మి లాభం లేదు, కూడికనే నమ్మాలి.

కామాల సంగతి ప్రత్యేకం. కొన్ని ప్రతుల్లో కామా పొడిగింపు కాదు, పదగర్భంలో (వరుస మధ్య విరుపులో) ఊపిరి తీసుకునే చోటు. పరీక్ష సులువు: వరుసగా నాలుగైదు ఆవర్తాల్లో మొత్తం ఎంత ఎక్కువ వచ్చిందో, కామాలు అన్నే ఉన్నాయా చూడండి. అన్నే ఉంటే అవి విరామ చిహ్నాలు. వాటిని లెక్కలోంచి తీసి, నేటి ప్రతిలో ఖాళీతోనో చిన్న నిలువు గీతతోనో చూపాలి. పారేయొద్దు. ఆ విరుపులు ఆ పరంపర వాళ్లు పాడిన తీరును చెబుతాయి.

చిన్న అక్షరాల్లో పైన రాసిన స్వరాలు అనుస్వరాలు (అసలు స్వరాన్ని ఆనుకుని తేలిగ్గా పలికేవి) కావచ్చు. వాటిని కూడితే మొత్తం పెరుగుతుంది, వదిలితే సరిపోతుంది. సరిపోతే అవి గమకానికి (స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరుకు) సంబంధించినవి, కాలానికి కావు.

మొదటి ఆవర్తం 32కు బదులు 26 వచ్చిందనుకోండి, కంగారు పడనక్కర్లేదు. పాట సమంలో (తాళం మొదలయ్యే చోట) కాక ఒకటిన్నర అక్షరం తర్వాత ఎత్తుకుంటుంది. ఆ 6 మాత్రలు ఖాళీ. అర అక్షరం తర్వాత ఎత్తుకుంటే 30 వస్తుంది. కొందరు ఎత్తుగడ నుంచి ఎత్తుగడ దాకా ఒక వరుసగా రాస్తారు. అప్పుడు మొత్తం 32 సరిగ్గానే ఉంటుంది గాని నిలువు గీతలన్నీ 6 మాత్రలు పక్కకు జరిగి ఉంటాయి. నేటి ప్రతిలో మొదటి ఆవర్తం ముందు ఆ ఖాళీని కామా, సెమికోలన్లతో నింపి, గీతల్ని తాళాంగాల దగ్గరికి తేవాలి. ఇది పద్ధతి మార్పే, దిద్దుబాటు కాదు. ముందుమాటలో ఒకసారి చెబితే సరిపోతుంది.

స్వరస్థానాలు: గుణింతం చూసి మోసపోవద్దు

ర, రి, రు, గ, గి, గు, మ, మి, ధ, ధి, ధు, న, ని, ను అనే పద్ధతి వేంకటమఖి సంప్రదాయంలోది. ఇందులో అక్షరం మీది అచ్చు (గుణింతం) స్వరస్థానాన్ని, అంటే ఆ స్వరం రకాల్లో ఏదో చెబుతుంది. ర అంటే నేటి రి1, రి అంటే రి2, రు అంటే రి3. గ, గి, గు వరుసగా గ1, గ2, గ3. మ అంటే మ1, మి అంటే మ2. ధ, ధి, ధు అంటే ధ1, ధ2, ధ3. న, ని, ను అంటే ని1, ని2, ని3. మాయామాళవగౌళ ఈ పద్ధతిలో ర గు మ ప ధ ను. ఖరహరప్రియ స్థానాలు రి గి మ ప ధి ని.

మామూలు పద్ధతిలో రాసిన ‘రి గ మ ప ధ ని’కి స్థానంతో సంబంధం లేదు, స్థానం రాగాన్ని బట్టి తెలుస్తుంది. రెండు పద్ధతులూ ఒకే పుస్తకంలో ఉంటే చిక్కు. మూర్ఛనలో (రాగం ఆరోహణ, అవరోహణల్లో) స్థానం చూపే అచ్చులు వాడి, కృతిలో మామూలు అక్షరాలు వాడిన పుస్తకాలున్నాయి. అందువల్ల ‘గ’ కనిపించగానే గ1 అనుకోకూడదు, ‘రి’ కనిపించగానే రి2 అనుకోకూడదు. గు, ను, మి, ధి లాంటి అక్షరాలు ఆ కృతి శరీరంలో ఎక్కడైనా ఉన్నాయా చూడాలి. ఒక్కటి ఉన్నా మొత్తం స్థాన పద్ధతిలో ఉందేమో పరీక్షించాలి. ఒక్కటీ లేకపోతే మామూలు పద్ధతే. దీర్ఘాల దగ్గర ఇంకో మడత పేచీ ఉంది: గీ అంటే సాధారణ గాంధార దీర్ఘం, గా అంటే మామూలు పద్ధతిలో గాంధార దీర్ఘం. కాలం, స్థానం రెండూ ఒకే గుణింతం మీద ఎక్కిన చోట రెండిటినీ వేరు గడుల్లో నమోదు చేయాలి.

పేర్లలోనూ పాత వాడుక వేరు. పంచశ్రుతి రిషభం అన్నది నేటి చతుశ్రుతి రిషభం. ధైవతానికీ అంతే. వరాళి మధ్యమం అంటే ప్రతి మధ్యమం. పరిష్కృత ప్రతి శీర్షికలో నేటి పేరు ఇచ్చి, మూలంలోని పేరు పక్కనే ఉంచండి.

నేటి పద్ధతిలో ప్రతి స్వరానికీ అంకె తగిలించడం అనవసరం. పైన రాగలక్షణంలో ఒకసారి రి1 గ3 అని చెబితే చాలు. శరీరంలో అంకె అన్యస్వరానికే (రాగపు మేళంలో లేని స్వరానికే) రావాలి. భైరవి 20వ మేళం (72 మూల రాగాల పట్టికలో 20వది), ధ1 దాని సొంతం, ఆరోహణంలో ధ2. ప్రతిలో అన్నిచోట్లా ఉత్త ‘ధ’ ఉంటుంది. ‘ప ధ ని స’ దగ్గర ధ2, ‘ని ధ ప’ దగ్గర ధ1 అని పెట్టడంలో ఇబ్బంది లేదు. ‘ధ ని ధ’ లాంటి తిరుగుడు పట్టుల దగ్గర పరంపరను అడగాలి, అక్కడ అంకెను కుండలీకరణంలోనే పెట్టాలి. కాంభోజిలో ‘స ని ప ధ స’ ప్రయోగంలో వచ్చే కాకలి నిషాదం (ని3) కూడా ఇంతే. దాన్ని మూలం చెప్పలేదు, సంప్రదాయం చెబుతోంది. పాఠకుడికి ఆ తేడా తెలియాలి.

స్థాయి చుక్కలు

తాటాకు ప్రతుల్లో స్థాయి చుక్కలు దాదాపు ఉండవు. కాగితం మీద ఉన్నా అరకొరగానే. నేటి పద్ధతిలో తారస్థాయికి పైన, మంద్రస్థాయికి కింద చుక్క. లేని చోట తేల్చడానికి దగ్గరి స్వరం సూత్రం పనిచేస్తుంది: పక్కపక్క స్వరాలు చిన్న దూరంలో ఉన్నాయని మొదట అనుకోవాలి. ‘ప ధ ని స రి స’ అన్నప్పుడు ని తర్వాతి స తారషడ్జమే. ‘గ రి స ని స’లో ని మంద్రం. గండం ఎక్కడంటే ‘ప స’ లాంటి దాటు దగ్గర. పంచమం నుంచి కింది షడ్జానికి అయిదు మెట్లు, పై షడ్జానికి నాలుగు. దూరం దాదాపు సమానం కాబట్టి సూత్రం ఏమీ చెప్పదు. అక్కడ తర్వాతి నాలుగైదు స్వరాలు చూడాలి, లేదా అదే వరుసకు ఉన్న మరో సంగతి చూడాలి.

ఇంకో పరీక్ష పరిధిది. కృతులు ఎక్కువ భాగం మంద్ర పంచమానికీ తార పంచమానికీ మధ్యనే నడుస్తాయి. మీ చుక్కల ప్రకారం చరణం తార నిషాదం దాకా పోతుంటే వెనక్కి వచ్చి, ఏ దాటు దగ్గర స్థాయి తప్పిందో వెతకండి. ఒకచోట తప్పితే అక్కడి నుంచి అంతా ఒక స్థాయి పైకి పోతుంది.

అచ్చు పుస్తకంలో మూడు చుక్కలు త్రికోణంలా కనిపిస్తే అది స్థాయి గుర్తు కాదు. సుబ్బరామ దీక్షితుల పుస్తకంలో అది స్ఫురితం అనే గమకం. తలకిందులైతే ప్రత్యాఘాతం అనే మరో గమకం. సిరా తగ్గి అందులో రెండు చుక్కలు ఎగిరిపోతే మిగిలిన ఒక్కటీ తారస్థాయిలా కనిపిస్తుంది. జంటస్వరం మీద ఒంటి చుక్క కనిపిస్తే ఒకసారి భూతద్దం పెట్టి చూడాల్సిందే.

గమకాలు

చాలా కొత్త పుస్తకాలు గమక గుర్తుల్ని ఎత్తేస్తాయి. సులువు కోసం అంటారు. కానీ 1904 నాటి పుస్తకం నుంచి కంపితం అలగీత, జారు వాలుగీత, నొక్కు, స్ఫురితం తీసేస్తే మిగిలేది ఎముకల గూడే. గుర్తు మార్చవచ్చు, తీసేయకూడదు. ఫాంటులో ఆ గుర్తు లేకపోతే స్వరం పైన చిన్న అక్షరం పెట్టండి: కం, స్ఫు, నొ, జా↑, జా↓. ముందు పేజీలో పట్టిక ఇవ్వండి.

గమకాన్ని విప్పి విడి స్వరాలుగా రాయడం వేరే పని. కంపిత గాంధారాన్ని ‘గ మ గ మ’ అని విప్పితే అది పరిష్కర్త విన్న పాట, ప్రతిలో ఉన్న పాట కాదు. నేర్చుకునేవారికి అది అవసరమనిపిస్తే ప్రధాన వరుస కింద వేరే వరుసగా, చిన్న అక్షరాల్లో ఇవ్వాలి. ప్రధాన వరుసలోకి రానివ్వకూడదు.

సాహిత్యం స్వరం కింద

పాత ప్రతుల్లో సాహిత్యం మొదటి సంగతికే రాసి, మిగతా సంగతులకు స్వరం మాత్రమే ఇస్తారు. రెండో సంగతి నుంచి అక్షరాలు మనమే సర్దాలి. ప్రతి అక్షరం అది పలికే స్వరం కిందే మొదలవ్వాలి, సాగినంత మేర చుక్కలు పెట్టాలి. సంయుక్తాక్షరాన్ని విరచకూడదు, అది తర్వాతి స్వరం కిందికి మొత్తంగా వెళ్తుంది. మూలంలో లేని సర్దుబాటు కనుక దీన్ని వాలు అక్షరాల్లో ఇస్తే మంచిది.

చెరిగిన సాహిత్యానికి ప్రాస మంచి ఆధారం. పల్లవి, అనుపల్లవుల్లో రెండో అక్షరం కలుస్తుందని తెలుసు కాబట్టి, పోయిన చోట ఏ హల్లు ఉండి ఉంటుందో ఊహించవచ్చు. ఊహ ఊహే, కుండలీకరణంలోనే ఉండాలి. ప్రాస కలవలేదని ఉన్న పదాన్ని మార్చడం మాత్రం తగదు. వలపలగిలకను (హల్లు పక్కన రాసే పాత ర్ గుర్తును) నేటి రేఫగా మార్చవచ్చు. శకటరేఫ (ఱ) ఉంచండి. అరసున్నను తీసేయాలంటే ముందుమాటలో చెప్పి, పుస్తకమంతా ఒకేలా తీసేయండి.

తాళ్లపాక రాగిరేకుల్లో సంకీర్తనల సాహిత్యం, రాగం పేరు ఉంటాయి, స్వరాలు ఉండవు. ఇప్పుడు పాడే వరుసలు తర్వాతి విద్వాంసులు కట్టినవి. అలాంటి స్వరలిపి మీ చేతికి వస్తే వరుస ఎవరిదో శీర్షికలో తప్పనిసరిగా రాయాలి. అది అన్నమయ్య కాలపు ధాతువు (పాట వరుస) అన్నట్టు కనిపించకూడదు.

రాగం, తాళం పేర్లు

మేళకర్త అంకె ఒకటే అయినా పేరు మార్చేముందు ఆగాలి. ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలో 28వది హరికేదారగౌళ, 45వది శివపంతువరాళి, 51వది కాశీరామక్రియ, 65వది శాంతకల్యాణి. నేటి పట్టికలో ఇవి హరికాంభోజి, శుభపంతువరాళి, కామవర్ధని, మేచకల్యాణి. 22వది అక్కడ శ్రీరాగం, ఇక్కడ ఖరహరప్రియ. అంకె కలిసిందని శ్రీరాగ కృతికి ఖరహరప్రియ అని పేరు పెడితే ఆరోహణలో గాంధార, ధైవతాలు వదిలే రాగాన్ని సంపూర్ణ రాగం చేసినట్టే. మేళం పేరు వేరు, రాగం పేరు వేరు. మేళం అంకెను నేటి పేరుతో వివరించండి, రాగం పేరును ఉన్నదున్నట్టు ఉంచండి.

తాళాల్లో తరచు తగిలేది తిశ్ర త్రిపుట. 3, 2, 2 కలిసి 7. నేడు అలాంటివెన్నో మిశ్రచాపులో, 3, 4గా పాడుతున్నారు. లెక్క మారదు, గీతల చోటు మారుతుంది. మూలంలో గీతలు 3, 5, 7 తర్వాత ఉంటే అలాగే ఉంచి ‘నేటి వాడుకలో మిశ్రచాపు’ అని శీర్షికలో చేర్చడం మా సలహా. శ్యామశాస్త్రి కృతుల్లో 4, 3గా నడిచే విలోమ చాపును మాత్రం 3, 4కు తిప్పకూడదు. నడకే మారిపోతుంది. రూపకం ద్రుతం, చతురశ్ర లఘువులతో 6 అక్షరాలు. నేడు మూడు దెబ్బలుగా వేస్తారు. అక్షరానికి 2 మాత్రల చొప్పున, దెబ్బకు 4 చొప్పున, రెండు విధాలా 12 మాత్రలే.

కంప్యూటర్లో

నేరుగా పేజీ రూపంలో టైపు చేయకండి. ముందు స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో స్వరానికి ఒక్కో వరుస. గడులు ఇవి: చిరునామా, మూలంలోని రూపం, స్వరం, స్థానం, స్థాయి, మాత్రలు, గమకం, సాహిత్యం, గమనిక. చిరునామా ‘చ 3.5’ అంటే చరణం మూడో ఆవర్తం, అయిదో అక్షరం. మూలంలోని రూపం అనే గడిని ఒకసారి నింపాక తాళం వేసేయాలి, అంటే ఎవరూ మార్చలేనట్టు. మాత్రల గడిని ఆవర్తానికోసారి కూడమని సూత్రం పెడితే తప్పిన చోటు వెంటనే తెలుస్తుంది. అక్షరాలు లెక్కపెట్టే సూత్రం మీద మాత్రం ఆధారపడొద్దు. యూనికోడ్‌లో ‘ప’ ఒక సంకేతం, ‘రి’ రెండు, ‘ధా’ రెండు. అలా లెక్కపెడితే ఆవర్తం ఎప్పటికీ కుదరదు.

తెలుగు ఫాంట్లలో పైచుక్క, కింది చుక్క, పైగీత చాలాసార్లు అక్షరం పక్కకు జారతాయి, ముఖ్యంగా గుడి ఉన్న రి, ని మీద. ఎంచుకునే ఫాంటులో రి, రీ, ని, నీ, ధా మీద చుక్క, గీత రెండూ కలిపి ముద్రించి చూడాలి. తెర మీద కాదు, కాగితం మీద. కుదరకపోతే పైగీతకు బదులు రెండో కాలాన్ని, అంటే రెట్టింపు వేగాన్ని, (రిగ) అని వంపు కుండలీకరణంలో చూపవచ్చు. చదరపు కుండలీకరణం పరిష్కర్త చేర్పుకు కేటాయించాం కాబట్టి రెండూ కలవకూడదు.

పాడించి చూడటం

ఆఖరి పని పాడించడం. ఆ పాట రానివాళ్లు కావాలి. వచ్చినవాళ్లు కాగితంలో తప్పున్నా తమకు తెలిసినట్టే పాడేస్తారు, తప్పు బయటపడదు. తాళం వేస్తూ ఒకరు, వీణ మీద ఒకరు, కాగితం చూస్తూ నడవాలి. తడబడిన చోటల్లా చిరునామా రాసుకుని మూలం ఫొటో తెరవాలి. మూలంలో అలాగే ఉంటే పాఠం కదలకూడదు, ‘ఇలాగే ఉంది’ అని అడుగున చెప్పాలి. మూలంలో వేరేగా ఉంటే దించుకోవడంలో తప్పు, దిద్దాలి. మూలం రెండు విధాలా చదవడానికి వీలుంటే రెండు పాఠాలూ ఇవ్వాలి, ఎక్కువ సాక్ష్యం ఉన్నది పైన, రెండోది అడుగున.